ఆందోళన మాత్రలు: బ్రాండ్ నుంచి జెనరిక్‌కి మారేవాళ్ళు వరసగా చెయ్యాల్సిన పనులు

"ఏమండీ, డాక్టరు గారు రాసింది ఒకటి, మీరిచ్చింది ఇంకొకటి. ఇది వేసుకుంటే నిద్ర పట్టట్లేదు."

గుంటూరు కొత్తపేటలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడ్డ ఇన్నేళ్ళలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. బీపీ బిళ్ళ మారిస్తే పట్టించుకోనివాళ్ళు కూడా టెన్షన్ బిళ్ళ మారిస్తే కంగారు పడతారు. అందులో వింతేమీ లేదు. కంగారు తగ్గడానికి వేసుకునే మందే మారిపోతే కంగారు పుట్టదా?

మందుని మొదట తెచ్చిన కంపెనీ తన పేరుతో అమ్మేది అసలు బ్రాండ్, అదే మందుని తర్వాత వేరే కంపెనీలు చేసి అమ్మేది జెనరిక్. ఏది మంచిదన్న వాదన ఇక్కడ పెట్టడం లేదు. మారాలనుకున్నవాళ్ళు ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత, ఎక్కడ పొరపాటు జరుగుతుంది, తేడా అనిపిస్తే ఎలా తేల్చుకోవాలి అన్నవే రాస్తున్నాను. మోతాదు నిర్ణయించేది మాత్రం మీ డాక్టరే.

1. ముందు మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి

మన దగ్గర "బ్రాండ్" అని పిలిచే వాటిలో ఎక్కువ భాగం అసలు బ్రాండ్లు కావు. ఎస్సిటలోప్రామ్‌ని కనిపెట్టింది డెన్మార్క్‌లోని లండ్‌బెక్ కంపెనీ. మనం "ఒరిజినల్" అనుకుని కొనే నెక్సిటో సన్ ఫార్మా తయారీ. ఆల్ప్రజోలామ్ అమెరికాలో అప్‌జాన్ కంపెనీ జానాక్స్ పేరుతో తెచ్చిన మందు. ఇక్కడ అందరికీ తెలిసిన ఆల్ప్రాక్స్ టోరెంట్ వాళ్ళది. ఇవి కూడా జెనరిక్‌లే. కాకపోతే వీటికి కంపెనీ ఓ పేరు పెట్టి, డాక్టర్ల దగ్గరికి రెప్రజెంటేటివ్‌లని పంపి అమ్ముతుంది.

అంటే చాలామంది నిజంగా చేస్తున్నది పేరున్న జెనరిక్ నుంచి పేరులేని జెనరిక్‌కి మారడం. ఈ ఒక్క సంగతి తెలిస్తేనే సగం భయం పోయినవాళ్ళని చూశాను.

ఇక మందు ఏ జాతిదో కూడా తెలియాలి. తర్వాత చెప్పేవన్నీ దీనిమీదే ఆధారపడతాయి.

- ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, లొరాజిపామ్, డయాజిపామ్: వేసుకున్న కాసేపటికే పనిచేసే రకం. అలవాటు పడితే హఠాత్తుగా ఆపకూడదు.
- ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్: నెమ్మదిగా పనిచేసే రకం. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.
- రెండూ కలిపిన బిళ్ళలు: ఎస్సిటలోప్రామ్, క్లోనజిపామ్ ఒకే బిళ్ళలో. పేరు చివర "ప్లస్" లాంటి తోక ఉంటుంది.

2. అట్ట చదవడం నేర్చుకోండి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

బ్రాడీపేట నుంచి ఒక పెద్దావిడ వచ్చేవారు. ఓ రోజు సంచిలోంచి కొత్త అట్ట తీసి కౌంటర్ మీద పెట్టారు. "బాబూ, మా అబ్బాయి ఎక్కడో చవగ్గా ఇస్తున్నారని ఇవి తెచ్చాడు. మూడు రోజుల్నుంచీ ఒకటే గుండె దడ. ఇవి ఉత్త సున్నపు బిళ్ళలు నాయనా."

పాత అట్ట ఉందా అని అడిగాను. పర్సులో మడిచిపెట్టుకున్న ఖాళీ అట్ట ఇచ్చారు. రెండూ అద్దం మీద పక్కపక్కన పెట్టాను. పాతది క్లోనజిపామ్ 0.5 మి.గ్రా., కొత్తది క్లోనజిపామ్ 0.25 మి.గ్రా. పేరు ఒకటే, అట్ట రంగు కూడా దాదాపు ఒకటే.

"పిన్నిగారూ, సున్నపు బిళ్ళలు కావండీ, సగం బిళ్ళలు."

ఆవిడకి మూడు రోజులుగా సగం మందే పడుతోంది. ఈ జాతి మందు ఉన్నట్టుండి సగానికి తగ్గితే దడ రాకుండా ఉంటుందా? అబ్బాయి తప్పూ కాదు. షాపులో పేరు చెప్పాడు గానీ అంకె చెప్పలేదు.

అందుకే పాతదీ కొత్తదీ పక్కన పెట్టుకుని ఇవి చూడండి:

- మందు అసలు పేరు. 2018 సెప్టెంబరు నుంచి ఒకటి రెండు మందులుండే బిళ్ళలకి అసలు పేరుని బ్రాండ్ పేరు కన్నా కనీసం రెండు సైజులు పెద్ద అక్షరాల్లో ముద్రించాలన్న నిబంధన ఉంది. మీరు చదవాల్సింది ఆ పెద్ద అక్షరాల పేరే.
- ఎన్ని మి.గ్రా. చుక్క ఎక్కడుందో కళ్ళజోడు పెట్టుకుని చూడండి. 0.25, 0.5 మధ్య తేడా రెట్టింపు.
- పేరు తర్వాత అక్షరాలు. ఎస్‌ఆర్, సీఆర్, ఈఆర్ అంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే బిళ్ళ. ఎండీ అంటే నోట్లో కరిగేది. మామూలు బిళ్ళకి బదులు ఇవి వేసుకోవడం అంటే మందు తీరు మార్చడమే.
- ఒక మందా, రెండా? "ప్లస్" బిళ్ళ వాడుతూ మామూలు ఎస్సిటలోప్రామ్‌కి మారితే క్లోనజిపామ్ ఆపేసినట్టే. అటునుంచి ఇటు మారితే కొత్త మందు మొదలుపెట్టినట్టే.
- తయారీ కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ. ఇవి మూడూ ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

కత్తెరతో ముక్క కోసి ఇచ్చే అట్టల విషయంలో జాగ్రత్త. బ్యాచ్, గడువు తేదీ ఒక చివరనే ఉంటాయి. ఆ చివర షాపులో ఉండిపోతే మీ చేతిలోది ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు.

3. ఇప్పుడు మార్చవచ్చా, కొన్నాళ్ళు ఆగాలా?

ఈ కింది పరిస్థితుల్లో ఉంటే సొంతంగా తొందరపడొద్దు. డాక్టరుతో మాట్లాడాకే.

- మందు మొదలుపెట్టి నెల కాలేదు, లేదా మోతాదు ఇంకా సర్దుతున్నారు.
- గర్భవతులు, పాలిచ్చే తల్లులు.
- ఫిట్స్ ఉన్నవాళ్ళు. క్లోనజిపామ్ ఫిట్స్‌కి కూడా వాడే మందు, మీకు దేనికి రాశారో కనుక్కోండి.
- ఆరేడు రకాల మందులు వాడే పెద్దవాళ్ళు.
- ఇంట్లో పెళ్ళి, పిల్లల పరీక్షలు, ఆపరేషన్ లాంటివి ముంగిట్లో ఉన్నవాళ్ళు. మందు మారడానికీ పెళ్ళికీ సంబంధం ఏముంది అంటారేమో. ఆ వారం నిద్ర పట్టకపోతే తప్పు పెళ్ళిదా బిళ్ళదా అని తర్వాత తేల్చుకోలేరు, అదీ సంబంధం.

నెమ్మదిగా విడుదలయ్యే బిళ్ళల్లో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అమెరికాలో బుప్రోపియాన్ 300 మి.గ్రా. ఎక్స్‌ఎల్ జెనరిక్ ఒకటి అసలు బ్రాండ్‌తో సమానంగా పనిచెయ్యడం లేదని 2012లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తేల్చింది. అది మార్కెట్ నుంచి పోయింది. అది ఆందోళన మందు కాదు, డిప్రెషన్‌కి వాడేది. కానీ రోగులు చాలాకాలంగా చెబుతున్నది ఊహ కాదని తేలిన ఉదాహరణ అది. అందుకే "అంతా మీ భ్రమ" అని నేను ఎవరికీ చెప్పను. అలాగని మామూలు బిళ్ళలన్నిటికీ దాన్నే అంటగట్టడమూ సరికాదు.

4. డాక్టరు దగ్గర అడగాల్సినవి

"బ్రాండ్ ఏదైనా అన్నీ ఒకటేనండీ" అని కౌంటర్లో మార్చి ఇవ్వడం అలవాటైపోయింది గానీ, చట్టం దానికి ఒప్పుకోదు. షెడ్యూల్ హెచ్, హెచ్1 (డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలు) మందుల చీటీలో ఒక బ్రాండ్ రాసి ఉంటే, అదే మందు ఉన్న ఇంకో తయారీ అయినా సరే, దాని బదులు ఇవ్వకూడదని డ్రగ్స్ రూల్స్‌లోని 65వ నియమం చెబుతుంది. ఆందోళన మందులన్నీ చీటీ మీద అమ్మాల్సినవే. ఆల్ప్రజోలామ్, డయాజిపామ్ హెచ్1లో ఉన్నాయి. వీటికి షాపువాళ్ళు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారో విడిగా రిజిస్టరులో రాసి మూడేళ్ళు ఉంచాలి. మీ పేరు అడిగితే విసుక్కోకండి, అడగని షాపుని చూసే అనుమానించాలి.

కాబట్టి సరైన దారి చీటీలోనే మార్పించుకోవడం. విజయవాడ సూర్యారావుపేటలోనో మా కొత్తపేటలోనో డాక్టరు గదిలో మనకి దొరికేది అయిదు నిమిషాలు. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని వెళ్ళండి:

- "డాక్టరు గారూ, మందు అసలు పేరుతో రాస్తారా? మి.గ్రా. కూడా విడిగా రాయండి."
- "ఇది మామూలు బిళ్ళా, నెమ్మదిగా విడుదలయ్యేదా?"
- "జెనరిక్‌కి మారితే నాకు ఇబ్బందేమైనా ఉందా?"
- "తేడా అనిపిస్తే ఎన్నాళ్ళు చూసి మీ దగ్గరికి రావాలి?"

డాక్టరు "ఈ కంపెనీదే వాడండి" అంటే కోప్పడకుండా కారణం అడగండి. మీ కేసులో నిజంగానే కారణం ఉండొచ్చు. లేకపోతే లేదనే చెబుతారు.

5. కొనే రోజు

జన ఔషధి కేంద్రాల్లో ధర పేరున్న బ్రాండ్‌లో సగమో అంతకన్నా తక్కువో ఉంటుంది. అక్కడికి వచ్చే ప్రతి బ్యాచ్‌నీ గుర్తింపు పొందిన ల్యాబుల్లో పరీక్షించాకే పంపుతామని ఆ పథకం చెబుతోంది. దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో, మందు ధర ఎంతో "జనౌషధి సుగమ్" యాప్‌లో చూసుకోవచ్చు.

ఇబ్బంది ధరలో కాదు, సరుకులో. ఈ నెల ఉన్న మందు వచ్చే నెల ఉండకపోవచ్చు. అప్పుడు కంగారుగా ఏది దొరికితే అది కొంటారు. మూడు నెలల్లో మూడు కంపెనీలు మారతాయి, ఏది పడిందో ఏది పడలేదో తెలియదు. నా సలహా: మందు అయిపోవడానికి వారం ముందే వెళ్ళండి. చీటీ ఒప్పుకున్నంత వరకూ నెలకి సరిపడా ఒకే కంపెనీవి, వీలైతే ఒకే బ్యాచ్‌వి తీసుకోండి. ఒక కంపెనీది కుదిరితే దానికే అతుక్కోండి.

బిల్లు తప్పనిసరి. బిల్లు లేకపోతే ఫిర్యాదుకి ఆధారం ఉండదు.

6. మార్చే రోజు, ఆ తర్వాతి వారం

1. పాతవి నాలుగైదు బిళ్ళలు మిగిలి ఉండగానే, తర్వాతి బిళ్ళ వేసుకోవాల్సిన సమయానికే కొత్తది వేసుకోండి. మధ్యలో ఖాళీ రోజు ఉండకూడదు.
2. "అలవాటు పడేదాకా" అని పాతదీ కొత్తదీ రెండూ వేసుకోవద్దు. అది రెట్టింపు మోతాదు.
3. గుణం తక్కువనిపించిందని సొంతంగా ఒకటిన్నర బిళ్ళ చెయ్యొద్దు. విరిచి వేసుకోవడం, ముఖ్యంగా ఎస్‌ఆర్, సీఆర్ బిళ్ళల్ని, అసలే వద్దు.
4. మిగిలిన ఆ పాత బిళ్ళలు విడిగా దాచుకోండి. డాక్టరు వెనక్కి మారమంటే పనికొస్తాయి.
5. మారిన తర్వాత రెండు వారాలు ఇంకేదీ మార్చకండి. కాఫీ మానెయ్యడం, కొత్తగా జిమ్, ఆయుర్వేదం పొడి, అన్నీ తర్వాత.
6. మొదటి రెండు మూడు రోజులు మత్తు ఎలా ఉందో చూసుకునేదాకా విజయవాడ బెంజ్ సర్కిల్ లాంటి ట్రాఫిక్‌లో బండి నడపకండి. ఈ మందులతో మద్యం ఎప్పుడూ వద్దు.

7. నోట్‌బుక్

విసుగ్గా ఉంటుంది, కానీ ఇది లేకుండా మిగతావన్నీ దండగ. మార్చడానికి వారం ముందే మొదలుపెట్టండి. చాలామంది మార్చిన తర్వాత మొదలుపెడతారు. పోల్చడానికి ముందు వారం లేకపోతే రాసి ఏం లాభం?

రోజూ పడుకునే ముందు ఒక్క వరస చాలు:

- బిళ్ళ వేసుకున్న టైము
- నిద్ర ఎన్ని గంటలు
- ఆందోళన 10కి ఎంత
- దడ, తల తిప్పడం, కడుపులో తిప్పడం: ఉందా లేదా
- ఆ రోజు ప్రత్యేకం: ఇంట్లో గొడవ, ప్రయాణం, ఎన్ని కాఫీలు

నెమ్మదిగా పనిచేసే రకమైతే నాలుగు వారాలు, త్వరగా పనిచేసే రకమైతే రెండు వారాలు రాయండి.

ఎందుకింత పట్టుదల అంటే, న్యూజిలాండ్‌లో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. యూనివర్సిటీ విద్యార్థులకి పరీక్షల టెన్షన్ తగ్గించే మందని చెప్పి బిళ్ళలిచ్చారు. తర్వాత కొందరికి మందు మార్చామని చెప్పారు. నిజానికి అందరికీ ఇచ్చింది మందు లేని ఉత్త బిళ్ళలే. అయినా "మారింది" అని విన్నవాళ్ళలో గుణం తక్కువ కనిపించింది, ఇబ్బందులు ఎక్కువ చెప్పారు. అలాగని వాళ్ళు అబద్ధమాడారని కాదు. మారిందన్న మాటే ఒంటి మీద పనిచేసింది. అది మనమీదా పనిచేస్తుంది, నామీద కూడా. అందుకే జ్ఞాపకం మీద ఆధారపడకుండా కాగితం మీద పెట్టమంటున్నాను.

8. "ఇది పనిచెయ్యట్లేదు" అనిపిస్తే, ఈ వరసలో వెతకండి

మొదట మి.గ్రా. ఆ తర్వాత పేరు వెనక అక్షరాలు. అవి సరిపోతే, మారే రోజుల్లో మందు తప్పిపోయిందా అని నోట్‌బుక్ చూడండి. తల తిప్పడం, తలలో కరెంట్ కొట్టినట్టు జిల్లుమనడం, చికాకు, పిచ్చి కలలు లాంటివి ఎస్సిటలోప్రామ్, పారోక్సెటిన్ లాంటివి రెండు మూడు రోజులు మానేస్తే వస్తాయి. కొత్త బిళ్ళ వల్ల అనుకునేవి చాలాసార్లు షాపులో దొరకని ఆ రెండు రోజుల వల్లే.

తర్వాత టైము లెక్క చూడండి. ఎస్సిటలోప్రామ్ ఒంట్లోంచి సగం తగ్గడానికే సుమారు 30 గంటలు పడుతుంది. పాత మందు వారం దాకా రక్తంలో మిగిలే ఉంటుంది. కాబట్టి మొదటి బిళ్ళ వేసుకున్న గంటకే "మందు ఎక్కలేదు" అనిపిస్తే ఆ తేడా బిళ్ళలోని మందుది కాదు. ఆల్ప్రజోలామ్ అలా కాదు, సగం తగ్గడానికి సుమారు 11 గంటలే. దాంట్లో తేడా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే తెలియవచ్చు.

కడుపు ఉబ్బరం, విరేచనాలు, దద్దుర్లు కొత్తగా వస్తే బిళ్ళలో మందు కాకుండా కలిపిన మిగతా సరుకు సంగతి ఆలోచించండి. పాల చక్కెర, పిండి, రంగులు ఒక్కో కంపెనీవి ఒక్కోలా ఉంటాయి. పాలు పడనివాళ్ళు ఇది డాక్టరుకి చెప్పాలి. మందు అదే అయినా కంపెనీ మార్చాల్సి రావచ్చు.

చాలామంది ఫోన్లో తిరిగే ఇంకో మాట చూపిస్తారు: "జెనరిక్‌లో మందు 80 శాతం ఉన్నా పాసైపోతుంది." అది తప్పుగా అర్థం చేసుకున్న లెక్క. ఆ 80 వచ్చింది జెనరిక్‌ల పరీక్షలో వాడే 80 నుంచి 125 శాతం అన్న హద్దు నుంచి. అది బిళ్ళలో ఎంత మందుందన్న కొలత కాదు. రక్తంలోకి చేరే మందుని అసలు బ్రాండ్‌తో పోల్చినప్పుడు, ఆ లెక్కలో ఉండే అనిశ్చితితో సహా మొత్తం ఆ హద్దుల్లోనే పడాలి. ఆ హద్దు దాటకుండా ఉండాలంటే సగటు 100కి దగ్గరగా ఉండక తప్పదు. అమెరికా ఎఫ్‌డీఏ 12 ఏళ్ళలో వచ్చిన 2,070 అధ్యయనాలని చూస్తే రక్తంలోకి చేరిన మొత్తంలో సగటు తేడా 3.5 శాతం దగ్గర తేలింది.

అవి అమెరికా అంకెలు, మన దేశానివి కావు. నీళ్ళలో సరిగా కరగని మందులకి ఇలా రక్తంలో పోల్చి చూసే పరీక్షని మన దగ్గర తప్పనిసరి చేసింది 2017 ఏప్రిల్‌లో. అంతకు ముందు లైసెన్సు తీసుకున్న పాత తయారీలన్నిటికీ ఈ పరీక్ష జరిగి ఉండదు. ఆ మాట పేరులేని జెనరిక్‌కే కాదు, పేరున్న దానికీ వర్తిస్తుంది. ఒక కంపెనీకే అతుక్కోమన్నది ఇందుకే.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు

- ఎండలో బండి డిక్కీలో అట్టలు వదిలెయ్యడం. రోహిణి కార్తెలో విజయవాడలో బయటే 40 డిగ్రీలు దాటుతుంది, డిక్కీ లోపల ఎంతుంటుందో ఊహించుకోండి. అట్ట మీద ఎన్ని డిగ్రీల లోపు ఉంచాలో రాసి ఉంటుంది.
- బిళ్ళలన్నీ అట్టలోంచి తీసి డబ్బాలో పోసుకోవడం. నోట్లో కరిగే బిళ్ళలకి తేమ అసలు పడదు.
- పక్కింటివాళ్ళకి "నాకు బాగా పనిచేసింది" అని రెండు బిళ్ళలు ఇవ్వడం.
- గుణం లేదని కోపంతో ఒక్కసారే మానెయ్యడం. ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్ నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మానాలన్నా డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగానే.

10. అన్నీ చూశాక కూడా తేడా ఉంటే

మి.గ్రా. సరే, రకం సరే, ఒక్క పూటా తప్పలేదు, అయినా నోట్‌బుక్‌లో తేడా స్పష్టంగా ఉందనుకోండి. అప్పుడు మీతో మీరు వాదించుకోకండి. నోట్‌బుక్, రెండు అట్టలు, బిల్లు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పాతదానికే వెనక్కి వెళ్ళమనవచ్చు, ఇంకో కంపెనీది చూడమనవచ్చు. వెనక్కి వెళ్తే మీరు ఓడిపోయినట్టేమీ కాదు.

దద్దుర్లతో పాటు ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా నోట్‌బుక్ పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఆందోళన తట్టుకోలేనట్టున్నా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. రాత్రయినా పగలయినా తెలుగులోనే మాట్లాడొచ్చు.

మందు వల్ల ఇబ్బంది కలిగిందని చెప్పడానికి దేశమంతటికీ ఒక ఉచిత నంబరు ఉంది: 1800-180-3024. డాక్టర్లే కాదు, వాడినవాళ్ళూ చెప్పొచ్చు. నకిలీ అనో నాసిరకం అనో అనుమానమైతే మీ ప్రాంతం డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. ఏది చేసినా ఇవి చేతిలో ఉండాలి:

- తయారీ కంపెనీ, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న ఫొటో
- బిల్లు
- వాడగా మిగిలిన బిళ్ళలు, అట్టతో సహా
- ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ తేదీ నుంచి ఇబ్బంది
- అప్పుడు వాడుతున్న మిగతా మందుల పేర్లు

బ్రాడీపేట పిన్నిగారు 0.5 బిళ్ళలకి తిరిగొచ్చాక, డాక్టరుతో రాయించుకుని అదే జెనరిక్ కంపెనీవి 0.5 కొన్నారు. ఇప్పటికీ నెలనెలా ఖాళీ అట్ట పర్సులో పెట్టుకొస్తారు. నేను కొత్తది తీసి ఇచ్చేలోపే అద్దం మీద పెట్టి చుక్క ఎక్కడుందో వేలితో చూపిస్తారు.